మా ఆయన తిన్న పరాయి తిట్లు

నాది నోరు కాదు కత్తెర అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉండేది. ఆవిడ మాట అబద్ధమని నేనూ ఎప్పుడూ అనలేదు.

నాది బట్టలు బాగుచేసే షాపు. కొత్తవి కుట్టను. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తాను, బిగుతైన చొక్కాలు వదులు చేస్తాను, జిప్పులు మారుస్తాను. షాపింగ్ కాంప్లెక్సులో మెట్ల కింది గది. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, వేసుకుని చూసుకోవడానికి తెర కట్టిన మూల, తల లేని ప్లాస్టిక్ బొమ్మ. పద్దెనిమిదేళ్ళుగా నా బతుకంతా ఆ గదే. మా ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన్నీ తీసుకొచ్చి ఓ స్టూలు మీద కూర్చోబెట్టి, బొత్తాలు కుట్టే పని అప్పగించాను. ఇంట్లో ఊరికే ఉండి రోజుకు ఆరుసార్లు టీ పెట్టుకుంటున్నారు మరి.

మా పనిలో చిక్కేమిటంటే, చిన్న పనైతే జనం అక్కడే కూర్చుంటారు. "పది నిమిషాలే కదా, వెయిట్ చేస్తాంలెండి" అంటారు. వాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ పిల్లలు కూర్చోరు.

ఆమధ్య ఒక ఎనిమిదేళ్ళ వీరుడు నా పెద్ద కత్తెర అందుకుని, ఎవరిదో కోటు చేతిని కచకచా కత్తిరించేస్తున్నాడు. వాళ్ళమ్మ పక్కనే నిలబడి, అబ్బ, ఎంత బాగా కత్తిరిస్తున్నాడో అని ఫోన్‌లో వీడియో తీసుకుంటోంది. నేను ఒక్క అంగలో వెళ్ళి కత్తెర లాక్కున్నాను. చెవి పట్టుకుని ఒక మెలి తిప్పి, "కోతి వెధవా" అని ఒక్కటంటే ఒక్క మాట అన్నాను. మా చిన్నతనంలో ఇదంతా ముద్దు కింద లెక్క. వీధిలో ఏ ఇంటి పెద్దమ్మయినా ఏ ఇంటి పిల్లాడి వీపయినా చరిచేది. ఇంటికెళ్ళి చెబితే అమ్మ చేతిలో రెండోది పడేది కాబట్టి ఎవరం చెప్పేవాళ్ళం కాదు. ఈ వీడియో మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. అందులో కోటు కత్తిరించింది తీసేసి, చెవి మెలిపెట్టింది మాత్రం ఉంచారు.

మర్నాడు కాంప్లెక్సు మేనేజరు చంకలో ఫైలుతో దిగాడు. మంచివాడే పాపం, కానీ నీడను చూసినా భయపడే రకం. లామినేషన్ చేయించిన కాగితమొకటి నా గోడకు అంటించాడు. "పరాయి పిల్లలను తాకరాదు. గద్దించరాదు. సమస్య ఉన్నచో తల్లిదండ్రులకు మర్యాదగా తెలియజేయవలెను."

"ఇంకొక్క కంప్లైంటు వచ్చిందంటే గది ఖాళీ చెయ్యాలమ్మా. పైవాళ్ళు నా మాట వినరు," అన్నాడు.

ఖాళీనా? యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ మిషన్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను? నాకు ఇంకో పని రాదు, ఇంకో చోటు తెలీదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, పరాయి పిల్లల జోలికి పోతే నా నోటిని నేనే కుట్టేసుకుంటానని.

పెట్టుకున్నంత తేలిక కాదు. ఒక బుడతడు దారపు కండెలన్నీ విప్పి గదంతా సాలెగూడు అల్లాడు. ఇంకో గడుగ్గాయి ప్లాస్టిక్ బొమ్మను దొర్లించుకుంటూ పోయి మెట్ల దగ్గర నిలబెట్టాడు. నేను పళ్ళ బిగువున "అమ్మా, మీ బాబు..." అని మర్యాదగా తెలియజేస్తే, "పిల్లలు కదండీ!" అని మురిసిపోయేవాళ్ళు. అవును తల్లీ, పిల్లలే. ఏనుగులని నేనన్నానా?

ఇంకో రోజు ఒక నాలుగేళ్ళవాడు తెరలో గిరగిరా తిరిగి, నిలువునా చుట్టుకుపోయాడు. కళ్ళు, ముక్కు మాత్రం బయటికున్నాయి. గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ ఫోన్ మాట్లాడుతూ ఎటో వెళ్ళింది. మా ఆయన దారాలు కొనడానికి బజారుకెళ్ళారు. ఎదురు షాపు మంగలి కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు, పక్కనున్న జిరాక్సు షాపాయన వచ్చాడు, దారిన పోయే ఇద్దరు వచ్చారు. ఐదుగురం చుట్టూ నిలబడ్డాం. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. మంగలి కుర్రాడైతే చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

"నాన్నా, ఎడమ వైపుకి తిరుగు. ఎడమ... అది కుడి నాన్నా," అంటాను నేను.

"వాడికి కుడి ఎడమలు తెలీవేమో అక్కా. గడియారం తిరిగే వైపు అని చెప్పు," అంటాడు మంగలి కుర్రాడు.

"నాలుగేళ్ళవాడికి గడియారం తెలుసా, నీ మొహం!"

ఏడు నిమిషాల తర్వాత వాళ్ళమ్మ వచ్చి ఒక్క లాగు లాగితే తెర ఊడి వచ్చింది. "ఇంతమంది ఉండి ఒక్కరికీ చేతులు రాలేదా?" అని మా ఐదుగురినీ కడిగిపారేసింది. నేను గోడ మీది కాగితం చూపించాను. ఆమె చదివి, ఇంకా గట్టిగా తిట్టింది. నాకు సిగ్గేసింది. ఏడ్చే పిల్లాణ్ణి పట్టుకోవడానికి ఆలోచించే రోజు నాకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇలా మింగలేక, కక్కలేక ఉండగా ఒకనాడు ఒక బొద్దు పిల్లాడు చిప్స్ తింటూ, నూనె చేతులు తీసుకెళ్ళి ఎవరిదో తెల్ల ప్యాంటుకి శుభ్రంగా తుడిచాడు. నా కడుపులోంచి తిట్టు ఒకటి లేచింది. గొంతు దాటింది. నాలుక చివరికొచ్చింది. ఆఖరి క్షణంలో గోడ మీది కాగితం కంటపడింది. అయినా వచ్చిన తిట్టు ఎక్కడికి పోతుంది? తల గిర్రున అటు తిప్పాను. అటు మా ఆయనున్నారు.

"ఏమండీ! మీకు బుద్ధుందా? ఎంగిలి చేతులు ఎవరి బట్టలకో తుడుస్తారా? పెంచినవాళ్ళు మీకు నేర్పింది ఇదేనా?"

మా ఆయన నోట్లో బొత్తం పెట్టుకుని తలెత్తారు. తన చేతులు చూసుకున్నారు. నా మొహం చూశారు. నా కనుబొమ్మ పిల్లాడి వైపు ఎగిరింది. ముప్పై నాలుగేళ్ళ కాపురం ఊరికే పోతుందా? ఆయన బొత్తం ఉమ్మేసి, వినయంగా, "తప్పయిపోయింది. ఇంకెప్పుడూ తుడవను," అన్నారు.

పిల్లాడు కొయ్యబారిపోయాడు. మెల్లగా రెండు చేతులూ తన సొంత చొక్కాకే తుడుచుకుని, వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. నాకు కడుపు నిండినట్టయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటారే, అది తప్పని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దుత్త పగలనంతవరకూ అంత మంచి పద్ధతి లేదు!

ఆ రోజు నుంచి మా షాపు దారిలో పడింది. ఎవరి పిల్లాడు ఏం చేసినా మా ఆయన తిట్లు తినేవారు. మిషను చక్రం తిప్పినందుకు తిన్నారు. బొటనవేలు చీకినందుకు తిన్నారు. పక్క పిల్ల జడ లాగినందుకు కూడా తిన్నారు, అరవై రెండేళ్ళ మనిషి. మొదట్లో గునిశారు గానీ తర్వాత పనిలో సరదా పుట్టింది.

"తిట్టే ముందు చిన్న సైగ చెయ్యవే. నిన్న టీ గొంతులో ఉండగా మొదలుపెట్టావు, పొలమారింది," అనేవారు.

"తిట్టు ముందు చెప్పి వస్తుందా?"

"అయినా ఇంతకుముందు కంటే ఇదే నయం. అప్పుడు దేనికి తిడుతున్నావో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు కనీసం ఎదురుగా కనబడుతోంది."

ఈ సంగతి మంగలి కుర్రాడు పసిగట్టాడు. "అక్కా, బావగారిని ఓ అరగంట పంపవా? కుదురులేని కుర్రాడొకడు కుర్చీలో ఉన్నాడు," అని వచ్చాడు. బావమరిది వరస కాబట్టి తిట్టే హక్కు వాడికి ఎలాగూ ఉంది. మా ఆయన వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుని తల అటూ ఇటూ ఊపడం, వీడు "బావా, కదిలావంటే చెవి తెగుతుంది!" అని అరవడం, కుర్రాడు బిగుసుకుపోవడం. బాగానే ఉంది గానీ, నమ్మకంగా ఉండాలని ఆయన వెళ్ళినప్పుడల్లా వాడు నిజంగానే కత్తిరించేవాడు. మూడు వారాల్లో మా ఆయన తల గుండైంది.

నష్టం కూడా లేకపోలేదు. ఒకామె మొదటిసారి షాపుకొచ్చింది. అప్పుడే నేను "బల్ల కింద దూరి ఆడవాళ్ళ కాళ్ళు గిల్లుతారా, సిగ్గు లేదూ?" అని మా ఆయన మీద విరుచుకుపడుతున్నాను. గిల్లిన బుడతడు బల్ల కిందే ఉన్నాడు, ఆమెకు కనబడలేదు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, బాగుచెయ్యమని తెచ్చిన లంగా మళ్ళీ సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ మాట పాకి, పొద్దున నడకకు వెళ్ళే స్నేహితులు కూడా ఆయనకు కాస్త దూరంగా నడవడం మొదలుపెట్టారట. ఆ మాట చెప్పి ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. షాపు నిలబడింది కదా అనుకున్నాను.

అప్పుడొచ్చింది ఆ పిల్ల.

ఆరేళ్ళుంటాయేమో. రెండు పిలకలు, ముందు పన్ను ఊడింది. వాళ్ళమ్మ కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. స్కూలు గౌను కింది మడత విప్పి పొడుగు చెయ్యమని ఇచ్చి, ఫోన్ మోగితే బయటికెళ్ళింది. ఈ పిలకల పిల్ల చెప్పులు విప్పేసి, నా దిండుకు గుచ్చిన గుండుసూదులన్నీ పీకి, నేల మీద వరసగా పేర్చి కవాతు చేయిస్తోంది. వట్టి కాళ్ళు! మామూలుగానే తల అటు తిప్పాను.

"ఏమండీ! సూదులతో ఆటలేమిటి మీకు? ఒళ్ళు తెలియడం లేదా?"

"తప్పయిపోయింది," అన్నారు మా ఆయన.

పిల్ల తలెత్తింది. "తాతగారు కాదు. నేను తీశాను," అంది.

ఇన్నాళ్ళలో ఇలా ఎవరూ అనలేదు. పిల్లతో మాట్లాడితే గద్దించినట్టవుతుంది. అందుకని మళ్ళీ ఆయన్నే పట్టుకున్నాను. "చేసింది చాలక పైగా చిన్నపిల్ల మీదికి నెడతారా?"

"నేనే అంటుంటే వినపడదా?" పిల్ల లేచి నిలబడింది. మొహం ఎర్రగా అయింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వచ్చి మా ఆయన స్టూలు ముందు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది. "తాతని తిట్టకండి! ఆయన బొత్తాలు కుట్టుకుంటున్నారు, అంతే! పెద్దవాళ్ళని అలా అనకూడదు!"

మా ఆయన మొహం చూడాలి అప్పుడు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన పక్షాన నిలబడ్డ మొదటి మనిషి.

సరిగ్గా అప్పుడే కళ్ళజోడామె లోపలికొచ్చింది. ఏడుస్తున్న కూతుర్ని, గుండు చేయించుకుని తల వంచుకున్న ముసలాయన్ని, నడుం మీద చేతులు పెట్టుకున్న నన్ను చూసింది. ఒక్క మాట అనకుండా పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడో రోజున మేనేజరు ఫైలుతో, వెనక కళ్ళజోడామెతో, ఆమె వెనక పిలకల పిల్లతో వచ్చాడు. తెచ్చుకున్న టీ కప్పు నా బల్ల మీద పెట్టి, ఫైలు తెరిచాడు.

"ఒక వృద్ధుణ్ణి పిల్లల ఎదుట రోజూ నానా మాటలూ అంటున్నారని కంప్లైంటు. నిజమేనామ్మా?"

"నేను ఆయన్ని అనడం లేదు బాబూ. ఆయన్ని అన్నట్టు అంటానంతే. అసలు పిల్లల్ని..." అని నాలుక కరుచుకున్నాను.

"పిల్లల్నా? అయితే గోడ మీది రూలు తప్పినట్టేగా?"

"లేదు లేదు, నన్నే!" మా ఆయన స్టూలు మీంచి లేచారు. "నన్నే తిడుతుందండీ. ఇష్టంగా తింటాను."

"అయితే వేధింపు కిందికి వస్తుంది."

"అబ్బే, పిల్లల్నే..." అని నేను మళ్ళీ నోరు జారాను.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేనేజరు పెన్ను తీశాడు. వారంలో గది ఖాళీ చేయవలెను అని రాస్తున్నాడు. అక్షరాలు తలకిందులుగానే చదివాను. నా చేతులు వాటంతటవే మిషను బల్లను నిమురుతున్నాయి.

"అంకుల్!" అంది పిల్ల. "టీ కప్పు బట్ట మీద పెట్టారేంటి? అది ఎవరిదో బట్ట. మరకవుతుంది. తీసెయ్యండి!"

మేనేజరు ఉలిక్కిపడి కప్పు ఎత్తాడు. నిజమే, ఎవరిదో లేతరంగు ప్యాంటు మీద గుండ్రటి మరక. ఆయన మొహం కందగడ్డ అయింది. పిల్ల వైపు చూశాడు, నోరు తెరిచాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు, నోరు మూశాడు. గోడ మీది కాగితం వైపు చూశాడు. ఆ తర్వాత, నా మీద ఒట్టు, తల గిర్రున మా ఆయన వైపు తిప్పాడు.

"ఏమయ్యా పెద్దాయనా! పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఇదేనా? నోరు అదుపులో పెట్టుకో!"

మా ఆయన అలవాటు కొద్దీ లేచి, గుండు వంచి, రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందండీ," అన్నారు.

నా దగ్గర ఆ మాట ఆయన లోపల్లోపల నవ్వుకుంటూ అనేవారు. ఇప్పుడు నవ్వు లేదు. నా షాపు కోసం పరాయి మగాడి ముందు తల వంచారు. నడక స్నేహితులు దూరం జరిగినప్పుడు కూడా ఇలాగే వంచి ఉంటారని నాకు ఆ క్షణాన తట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కోపమంతా మేనేజరు మీద పడింది.

"నా మొగుణ్ణి అనడానికి నువ్వెవడివయ్యా? ఆయన ఏం చేశారని? కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట, అలా ఉంది నీ సంగతి! గది కావాలా? తీసుకో! ఈ మెట్లు, ఈ గోడ, నీ కాగితం, అన్నీ నువ్వే ఉంచుకో! ఆయన్ని ఇంకొక్క మాటన్నావంటే మాత్రం నా సంగతి నీకు తెలీదు!"

"నేను... పాపను అనకూడదు కదమ్మా... అందుకని..." మేనేజరు నీళ్ళు నమిలాడు.

కళ్ళజోడామె ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మా ఆయన జోడించిన చేతులు చూసింది. "ఓహో," అంది మెల్లగా. "మీరందరూ చేస్తున్నది ఇదా?"

మా ఆయన జోడించిన చేతులు దించుకున్నారు.

"మూడు రోజులుగా ఇది సరిగా తినడం లేదండీ," అంది ఆమె, కూతురి తల మీద చెయ్యి వేసి. "నేను చేసినదానికి తాతగారు తిట్లు తిన్నారమ్మా అని ఒకటే గొడవ. నాకు అర్థం కాలేదు." మేనేజరు చేతిలోంచి తన కంప్లైంటు కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇది నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఖాళీ చెయ్యమన్నదీ చింపేయండి. కానీ మీరు కూడా ఒక మాట వినాలి. మా అమ్మాయిని ఏమైనా అనాలంటే మా అమ్మాయినే అనండి. మధ్యలో ఇంకొకరెందుకు?"

మేనేజరు కాగితం చింపాడు. మరక పడ్డ ప్యాంటు తనే ఉతికించి తెస్తానని చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. షాపు దక్కింది. నేను స్టూలు కోసం తడుముకుని కూలబడ్డాను.

పిలకల పిల్ల వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. "సూదులు నేనే తీశాను. ఇప్పుడు తిట్టండి," అంది.

నోరు తెరిచాను. మూడు నెలలుగా ఎంతమంది పిల్లల మీద ఎన్ని తిట్లు దాచుకున్నానో! అడిగి మరీ తిట్టించుకునే పిల్ల ఎదురుగా ఉంది, వాళ్ళమ్మ అనుమతి ఉంది. తీరా చూస్తే ఒక్కటీ రాలేదు. నా కళ్ళు ఆ ఊడిన పన్ను మీద, ఆ చిన్న పాదాల మీద పడ్డాయి.

"సూదులున్న చోట వట్టి కాళ్ళతో తిరగకు తల్లీ," అన్నాను. "దిగితే చాలా నొప్పి పుడుతుంది."

పిల్ల చేతులు ఇంకా వెనక్కే కట్టుకుని ఉంది. "అంతేనా?"

"అంతే."

"సరే, తిరగను," అని వెళ్ళి మా ఆయన పక్కన కూర్చుని బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటూ నా వైపు గుడ్లప్పగించి చూస్తున్నారు.

"ముప్పై నాలుగేళ్ళయింది. నన్ను ఒక్కసారైనా ఇంత మెత్తగా తిట్టావా?" అన్నారు.

"నోరు మూసుకుని బొత్తాలు కుట్టండి," అన్నాను. ఆ మాట మాత్రం అచ్చంగా ఆయన్నే అన్నాను.